కొలిచిన గాలి, లెక్కకట్టిన గాలి

ఆంధ్ర తీరం ఒకే దిక్కుగా సాగదు. పులికాట్ నుంచి చీరాల దాకా ఇంచుమించు నిటారుగా ఉత్తరానికి పోతుంది. కృష్ణా గోదావరి డెల్టాల దగ్గర సముద్రంలోకి పొడుచుకువచ్చి, కాకినాడ దాటాక ఈశాన్యానికి ఒరిగి ఇచ్ఛాపురం చేరుతుంది. తీరపు గాలి నడకను చాలావరకు నిర్ణయించేది ఈ ఒంపే. వేసవిలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పడమటి వేడిగాలి తీరాన్ని అడ్డంగా దాటి సముద్రం మీదికి పోతుంది. దానికి ఎదురొడ్డి మధ్యాహ్నానికి సముద్రపు గాలి లోపలికి రావాలి. విశాఖ దగ్గర పరిస్థితి వేరు. అక్కడ అదే కాలంలో వీచే నైరుతి గాలి తీరం వెంబడే పోతుంది. ఇరవై డిగ్రీలు ఒకవైపు మళ్లితే అది నేల గాలి, ఇంకోవైపు మళ్లితే సముద్రపు గాలి.

ఇలాంటి చోట గాలిని తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి పరికరం నిలబెట్టి కొలవడం. రెండోది భౌతిక సూత్రాల ఆధారంగా కంప్యూటర్ మీద లెక్కకట్టడం. నడిసముద్రం మీదా, చదునైన మైదానం మీదా ఈ రెండూ ఎంతోకొంత కుదురుతాయి. తీరం దగ్గరే పేచీ వస్తుంది. ఈ పేచీ కంప్యూటర్ మోడల్స్‌తో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తెరచాప ఓడల కాలం నాటిది.

మచిలీపట్నం, కోరంగి, భీమునిపట్నం రేవులు సముద్ర వర్తకంతో కళకళలాడిన రోజుల్లో గాలి లెక్క బతుకుతెరువు లెక్క. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా కోరమాండల్ రేవుల్లో పెద్ద ఓడలు లంగరేసి ఉండటం చేటని ఈస్టిండియా కంపెనీ నావికులు ఎరుగుదురు. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బూర్దొనే నౌకాదళం ఆ అక్టోబరులోనే రేవు ఎదుట తుపానుకు చితికిపోయింది. ఓడ లాగ్‌బుక్కుల్లో గాలిని మాటల్లో రాసేవారు. ఒక కెప్టెన్ ‘బలమైన గాలి’ అన్నది మరొకరికి ‘మామూలు గాలి’. ఈ గందరగోళాన్ని తగ్గించాలని చూసినవారిలో అలెగ్జాండర్ డాల్‌రింపుల్ ఒకరు. 1750లలో మద్రాసులో కంపెనీ గుమాస్తాగా జీవితం మొదలుపెట్టి, 1795లో బ్రిటిష్ నౌకాదళానికి తొలి హైడ్రోగ్రాఫర్ అయిన మనిషి ఆయన. గాలిమరల మీద పనిచేసిన ఇంజనీరు జాన్ స్మీటన్ వాడిన తరగతులను నావికులకు పనికివచ్చేలా మలచాలని ఆయన తలపెట్టారు. ఆ దారిలోనే 1806 జనవరిలో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ తన డైరీలో గాలి తరగతుల పట్టీ రాసుకున్నారు. 1838లో నౌకాదళం దాన్ని తప్పనిసరి చేసింది.

బ్యూఫోర్ట్ పట్టీలో గాలి వేగం లేదు. ఒక యుద్ధనౌక ఏ గాలిలో ఏ తెరచాపలు విప్పగలదన్నదే అందులో ఉంది. పన్నెండో తరగతి అంటే ఏ తెరచాపా నిలవని గాలి. అంటే ఓడే పరికరం, చూసేవాడే ముల్లు. తర్వాతి కాలంలో ఈ తరగతులను వేగంలోకి మార్చాల్సి వచ్చినప్పుడు అసలు చిక్కు బయటపడింది. బ్రిటన్ తీర కేంద్రాల్లో పరిశీలకులు కంటితో వేసిన అంచనాలను, పక్కనే ఉన్న పరికరాల అంకెలతో పోల్చి 1906లో జార్జ్ సింప్సన్ ఒక సూత్రం కట్టారు. ఆయన అదే ఏడాది సిమ్లాకు వచ్చి భారత వాతావరణ శాఖలో చేరారు. ఒక పద్ధతిలో వచ్చిన అంచనాను ఇంకో పద్ధతిలో వచ్చిన కొలతతో సరిచూడటం, ఆ పని కూడా తీరం మీదే చేయడం, అప్పటికే వాతావరణ శాస్త్రంలో ఒక వృత్తిగా స్థిరపడిందన్నమాట.

తూర్పు తీరంలో క్రమం తప్పని వాతావరణ నమోదు మద్రాసు ఖగోళ పరిశీలనాలయంతో మొదలైంది. 1792లో దాన్ని కట్టించిన మైకేల్ టాపింగ్ తీరం సర్వే చేసిన మనిషి. 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశారు. ఆయన తర్వాత వచ్చిన జాన్ గోల్డింగ్‌హామ్ వాతావరణ నమోదును కొనసాగించారు. విశాఖపట్నంలో ఈ పని ఒక తెలుగు జమీందారీ కుటుంబం చేతుల్లో నడిచింది. గోడే వెంకట జగ్గారావు 1840లో తన సొంత ఖర్చుతో పరిశీలనాలయం పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని పెంచి, గ్రహణాలతో పాటు వాతావరణాన్నీ నమోదు చేయించారు. ప్రభుత్వ శాఖ పుట్టడానికి ముప్పై అయిదేళ్ల ముందే విశాఖలో ప్రైవేటు పరిశీలనాలయం ఉందన్న సంగతి ఆ ఊళ్లోనే చాలామందికి తెలియదు.

ఆ కాలపు గాలి అంకెలను ఇప్పుడు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 1846లో ఐర్లండ్‌లో థామస్ రాబిన్సన్ నాలుగు గిన్నెల అనిమామీటర్ తయారుచేశారు. గిన్నెలు తిరిగే వేగానికి గాలి వేగం కచ్చితంగా మూడు రెట్లని, గిన్నె పెద్దదైనా చిన్నదైనా ఈ లెక్క మారదని ఆయన నమ్మారు. ఆ మూడు రెట్ల గుణకంతోనే ఎన్నో దేశాల్లో దశాబ్దాల పాటు గాలిని లెక్కించారు. పంతొమ్మిదో శతాబ్దం చివర విలియం హెన్రీ డైన్స్ తదితరులు పరీక్షలు చేసి చూస్తే గుణకం సాధారణంగా మూడు కన్నా తక్కువే ఉంటుందని, అది పరికరాన్ని బట్టి మారుతుందని తేలింది. అంటే అప్పటిదాకా ‘కొలిచిన’ గాలి అసలు గాలి కన్నా చాలా ఎక్కువ. 1879లో స్కాట్లండ్‌లో టే వంతెన కూలిన తర్వాత గాలి ఒత్తిడిని సరిగా కొలవాల్సిన అవసరం అందరికీ తెలిసొచ్చింది. ఆ వెతుకులాటలోంచే డైన్స్ గొట్టపు అనిమామీటర్ వచ్చింది. క్షణక్షణం మారే గాలిపోటును కాగితం మీద గీతగా గీసే పరికరం అది.

మోడల్ కూడా ఆ శతాబ్దానిదే. కలకత్తాలో ఉద్యోగం చేసిన హెన్రీ పిడ్డింగ్టన్ బంగాళాఖాతపు తుపాన్లలో చిక్కిన ఓడల లాగ్‌బుక్కులు సేకరించి, ఒకే వేళకు ఏ ఓడ దగ్గర ఏ దిక్కు గాలి వీచిందో పటం మీద పెట్టేవారు. 1839లో కోరంగిని ముంచిన తుపాను కూడా ఆయన కాలానిదే. ‘సైక్లోన్’ అన్న మాటను 1848లో తన పుస్తకంలో పెట్టింది ఆయనే. ఆ పుస్తకంతో పాటు కొమ్ముతో చేసిన పారదర్శక పలకలు కూడా ఇచ్చేవారు. వాటి మీద వలయాలు గీసి ఉండేవి. కెప్టెన్ ఆ పలకను పటం మీద పెట్టి, తన దగ్గరి గాలి దిశను బట్టి తుపాను కేంద్రం ఎటు ఉందో గుర్తించేవాడు. ఇది సూత్రం, అంచనా, క్షేత్ర పరీక్ష మూడూ ఉన్న అసలుసిసలు మోడల్. దాని లోపం కూడా క్షేత్ర పరీక్షలోనే బయటపడింది. గాలి కేంద్రం చుట్టూ చక్కని వలయంగా తిరగదు, లోపలికి చుట్టుకుంటూ పోతుంది. వలయాన్ని నమ్మిన కెప్టెన్ కేంద్రం ఉన్న దిక్కును తప్పుగా గుర్తించేవాడు. మారిషస్‌లో చార్ల్స్ మెల్‌డ్రమ్ ఈ సంగతిని గట్టిగా చెప్పారు. గాలి నేల మీదికి రాగానే రాపిడి పెరిగి ఆ లోపలి మొగ్గు ఇంకా పెరుగుతుంది. మోడల్ నడిసముద్రంలో ఒక మాదిరిగా పనిచేసి తీరం దగ్గర ఎక్కువ తప్పడం అప్పుడే మొదలైంది.

1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని ఉప్పెనలు ముంచాయి. బందరులోనూ చుట్టుపక్కలా దాదాపు ముప్పై వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ నాయకత్వంలో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1886 నాటికి హెచ్చరికల ఏర్పాటు దేశంలోని రేవులన్నిటికీ విస్తరించింది. తెలుగు పత్రికల్లో నేటికీ కనిపించే ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ ఆ పరంపరలోదే. టెలిగ్రాఫ్ మీద వచ్చిన పీడనం, గాలి అంకెలను పటం మీద గుర్తించి, అనుభవం మీద రేపటి సంగతి చెప్పడం, ఇదే ఆ తర్వాతి ఎనభై ఏళ్ల పద్ధతి. ఆ పద్ధతిలో పనితనం ఉంది, లెక్క లేదు.

లెక్కతో చెప్పాలని తొలిసారి గట్టిగా ప్రయత్నించిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఘోరంగా దెబ్బతిన్నారు. 1910 మే 20 నాటి పరిశీలనల నుంచి మొదలుపెట్టి, ఆరు గంటల్లో పీడనం ఎంత మారుతుందో చేత్తో లెక్కగట్టారు. జవాబు 145 మిల్లీబార్లు వచ్చింది. అంత మార్పు భయంకరమైన తుపానులో కూడా అసాధ్యం. ఆ రోజు అసలు పీడనం దాదాపు మారనే లేదు. ఆయన ఆ వైఫల్యాన్ని దాచకుండా 1922లో పుస్తకంగా అచ్చువేశారు. లెక్కను కొలత పక్కన పెట్టి తప్పును బయటికి చూపడం ఈ శాస్త్రానికి ఆయన ఇచ్చిన మంచి అలవాటు. సూత్రాల్లో తప్పు లేదని, ప్రారంభపు గాలి అంకెల్లో ఉన్న పొరపాట్లే లెక్కను పాడుచేశాయని తర్వాతి తరం తేల్చింది. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద చార్నీ బృందం ఒక రోజు అంచనాను విజయవంతంగా లెక్కగట్టింది. అందుకు ఇంచుమించు ఒక రోజే పట్టింది.

భారతదేశంలో లెక్కల యుగం ఆలస్యంగా వచ్చింది. ఈలోగా తీరం మీద కొలత పరికరాలు పెరిగాయి. దేశంలో తొలి తుపాను రాడార్‌ను 1970లో విశాఖపట్నంలో పెట్టారు. 1974లో అక్కడే తుపాను హెచ్చరికల కేంద్రం వచ్చింది. అయినా 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టినప్పుడు, పదివేలమందికి పైగా చనిపోయిన ఆ రాత్రి, గాలి ఎంత వేగంతో వీచిందో చెప్పడానికి నేల మీద సరైన కొలత దొరకలేదు. రెండు రోజుల ముందు సముద్రంలో ఆ తుపాను కంట్లోకి వెళ్లిన ‘జగత్ స్వామిని’ అనే ఓడ గంటకు 194 కిలోమీటర్ల దాకా గాలిని నమోదుచేసింది. మిగతాదంతా విరిగిన చెట్లు, కూలిన కట్టడాలు, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వేసిన అంచనా.

ఉపగ్రహ చిత్రం నుంచి గాలిని అంచనా వేసే పద్ధతిని 1970లలో అమెరికాలో వెర్నన్ డ్వోరాక్ రూపొందించారు. మేఘాల చుట్టును బట్టి తుపానుకు ఒక అంకె ఇచ్చి, ఆ అంకెకు సరిపడే గాలి వేగాన్ని పట్టిక నుంచి తీసుకుంటారు. అట్లాంటిక్‌లో విమానాలు తుపానులోకి వెళ్లి కొలుస్తాయి కాబట్టి అక్కడ ఆ పట్టికను సరిచూసుకునే వీలుంది. బంగాళాఖాతంలో అలాంటి విమాన పరిశీలన క్రమబద్ధంగా జరగలేదు. కాబట్టి ఇక్కడి తుపాను చరిత్రలో ‘నమోదైన గరిష్ఠ వేగం’ అని కనిపించే అంకెల్లో ఎక్కువ భాగం ఎవరూ కొలవనివే. మోడల్‌ను పరీక్షించడానికి వాటిని వాడేవాళ్లు ఒక అంచనాను మరో అంచనాతో పోలుస్తున్నారని గుర్తుంచుకోవాలి.

నిజంగా కొలిచిన అంకె చేతిలో ఉన్నా అది ఎన్ని నిమిషాల సగటు అన్న ప్రశ్న మిగులుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం పది నిమిషాలు. భారత వాతావరణ శాఖ తుపాన్లకు మూడు నిమిషాల సగటు తీసుకుంటుంది, అమెరికా సంస్థలు ఒక నిమిషం సగటు తీసుకుంటాయి. సగటు వ్యవధి తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ విషయంలో అమెరికా నౌకాదళ కేంద్రం గంటకు 260 కిలోమీటర్ల గరిష్ఠ వేగం చెబితే, భారత శాఖ 215 అన్నది. టీవీల్లో పెద్ద వివాదం నడిచింది. ఆ తేడాలో కొంత నిమిషాల తేడా, మిగతాది అంచనాల తేడా. మరుసటి ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా తీరం దాటినప్పుడు హెచ్చరికల కేంద్రంలోని పరికరం 260 కిలోమీటర్ల గాలిపోటు చూపింది. స్థిర వేగాన్ని మాత్రం శాఖ దాదాపు 185గా లెక్కగట్టింది. రెండూ ఒకే తుపాను అంకెలు, రెండూ సరైనవే. ఒకటి క్షణకాలపు పోటు, రెండోది నిమిషాల సగటు. తుపాను నగరాన్ని తాకే వేళకు అక్కడి డాప్లర్ రాడార్ పరిశీలనకు ఆటంకం కలిగింది. అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన గంటలో పరికరం చేతులెత్తేయడం ఈ తీరపు చరిత్రలో పాత కథే.

1988లో మధ్యశ్రేణి వాతావరణ అంచనాల జాతీయ కేంద్రం ఏర్పడి క్రే సూపర్‌కంప్యూటర్ వచ్చాక, దేశంలో అంకెల మోడల్ రోజువారీ పనిలోకి దిగింది. ప్రాంతాన్ని గళ్లుగా విడగొట్టి లెక్కించే ఆ తొలి రోజుల మోడల్‌లో ఒక గడి పొడవు సుమారు 150 కిలోమీటర్లు. ఆ కొలతలో కృష్ణా గోదావరి డెల్టాలు రెండూ కలిసి ఒకటి రెండు గళ్లు. అందులో సముద్రపు గాలి కనిపించే అవకాశమే లేదు. మధ్యాహ్నం ఒడ్డున మొదలై సాయంత్రానికి కొన్ని పదుల కిలోమీటర్లు లోపలికి చొచ్చుకొచ్చే గాలి అది. ఎత్తు కిలోమీటరు లోపే. దాన్ని చూపాలంటే చిన్న ప్రాంతానికి చిన్న గళ్ల మోడల్ కావాలి. అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం, జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం కలిసి తయారుచేసిన ఎంఎం5, దాని వారసుడిగా 2000 తర్వాత వ్యాపించిన డబ్ల్యూఆర్‌ఎఫ్ ఈ అవసరాన్ని తీర్చాయి. రెంటినీ ఉచితంగా తీసుకోవచ్చు. అందువల్ల విశ్వవిద్యాలయాల్లోనూ గళ్లను 27, 9, 3 కిలోమీటర్లుగా ఒకదానిలో ఒకటి ఇమిడ్చి లెక్కగట్టడం మొదలైంది.

ఈ లెక్కలను గట్టిగా పరీక్షించాల్సిన అవసరం తూర్పు తీరంలో రెండు చోట్ల వచ్చింది. శ్రీహరికోటలో రాకెట్ పైకి లేవాలన్నా, దాని పొగ ఎటు పోతుందో తెలియాలన్నా తీరపు గాలి తెలియాలి. దక్షిణాన కల్పాక్కంలో అణు కేంద్రం ఉంది. ప్రమాదం జరిగితే గాలి ఊళ్ల మీదికి వీస్తుందా, సముద్రం మీదికా అన్నది ప్రాణాల మీది ప్రశ్న. శ్రీహరికోటలో వంద మీటర్ల స్తంభం మీద వేర్వేరు ఎత్తుల్లో పరికరాలు అమర్చారు. కల్పాక్కంలో స్తంభంతో పాటు శబ్ద తరంగాలతో పైగాలిని కొలిచే సోడార్ కూడా వాడారు. పది మీటర్ల ఎత్తున ఒకే అంకె ఉంటే మోడల్ కాకతాళీయంగా కూడా కుదరవచ్చు. వంద మీటర్ల నిలువు గీత ఉంటే ఆ అదృష్టం సాగదు. సముద్రం మీది చల్లగాలి వేడి నేల మీదికి రాగానే దాని అడుగున ఒక కొత్త పొర పుట్టి లోపలికి పోయేకొద్దీ ఎదుగుతుంది. ఒడ్డున ఎత్తైన పొగగొట్టం నుంచి నిలకడగా పోయే పొగ, కొంత లోపలికి వెళ్లాక ఈ పొరకు తగిలి ఒక్కసారిగా నేలకు దిగుతుంది. ఈ పొర ఎదుగుదలను మోడల్ తప్పుగా లెక్కిస్తే పొగ దిగే ఊరు మారిపోతుంది.

మోడల్, కొలత ఎందుకు కుదరవన్న దానికి అనేక కారణాలున్నాయి. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మైదానంలో గాలికి కూడా ఆ మాట కొంత చెల్లుతుంది. తీరం దగ్గర చెల్లదు. మోడల్ ఇచ్చేది గడి మొత్తానికి సగటు. ఆ గడిలో సగం నీరు, సగం సరుగుడు తోట ఉండవచ్చు. స్తంభం నిలిచిన చోటు తోటలోనిదా, ఇసుక మీదిదా అన్నదాన్ని బట్టి కొలత మారిపోతుంది. పైగా గడి మూడు కిలోమీటర్లయితే మోడల్ మూడు కిలోమీటర్ల విశేషాలను చూపుతుందని కాదు. ఆరేడు గళ్ల పొడవుకు తక్కువైన దేన్నీ అది నమ్మకంగా పట్టుకోలేదు.

విశాఖ దీనికి మంచి ఉదాహరణ. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో పల్లం, తూర్పున సముద్రం. వాల్తేరు ఒడ్డున ఉన్న పరికరానికి సముద్రం ఎదురుగా ఉంటుంది. కొన్ని కిలోమీటర్లు లోపల ఉన్న విమానాశ్రయం పరికరం కొండల మధ్య సందులోంచి వచ్చిన గాలినే చూస్తుంది. ఒకే ఊరు, ఒకే వేళ, రెండు వేర్వేరు గాలులు. తొమ్మిది కిలోమీటర్ల గడికి ఆ కొండలు చదునైన గుట్టలా కనిపిస్తాయి. అలాంటప్పుడు మోడల్ విమానాశ్రయం అంకెతో కుదరలేదని దాన్ని తప్పుపట్టడంలో అర్థం లేదు. వాల్తేరు అంకెతో కుదిరిందని మెచ్చుకోవడంలోనూ లేదు.

సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత మరో చిక్కు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు లా ఫాండ్ వాల్తేరు తీరంలో పరిశోధనలు చేసి, వేసవికి ముందు అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుందని చూపారు. నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు ఒడ్డు నుంచి దూరంగా జరుగుతుంది, దాని చోటును కింది చల్లనీరు తీసుకుంటుంది. ఈ చల్లని పట్టీ సన్ననిది. మోడల్‌కు అందే సముద్ర ఉష్ణోగ్రత పటం ముతకదైతే ఆ పట్టీ అందులో ఉండదు. అప్పుడు నేలకూ నీటికీ మధ్య వేడి తేడా తగ్గి, లెక్కలో సముద్రపు గాలి బలహీనపడవచ్చు.

ప్రపంచమంతటా తేలిన ఇంకో లోపం, డబ్ల్యూఆర్‌ఎఫ్ నేల మీది గాలిని, ముఖ్యంగా మందగాలిని, ఉన్నదానికన్నా ఎక్కువగా చూపుతుంది. చెట్లు, ఇళ్లు, చిన్న గుట్టలు గాలిని ఆపే తీరు గడి లోపలే జరిగిపోయి లెక్కకు అందదు. 2010 తర్వాత దీనికి సవరణలు చేర్చారు. అయితే సవరణ నేలకు కుదిరితే ఒడ్డున కుదరదు, ఒడ్డుకు కుదిరితే కొండకు కుదరదు.

పోల్చే పద్ధతిలోనే కొన్ని మాయలున్నాయి. గాలి దిశలను మామూలు సగటు తీయకూడదు. 350 డిగ్రీలు, 10 డిగ్రీలు రెండూ ఉత్తరపు గాలులే. అంకెలు కలిపి రెండుతో భాగిస్తే 180 వస్తుంది, అది దక్షిణపు గాలి. ఇక వేళ సంగతి. ఒంగోలులో సముద్రపు గాలి ఒంటిగంటకు వస్తుందని చిన్న గళ్ల మోడల్ చెబితే, అది రెండింటికి వచ్చిందనుకుందాం. గాలి మారిన గంటను పోల్చే లెక్కలో ఈ మోడల్‌కు రెండు శిక్షలు పడతాయి. రాని వేళ వచ్చిందన్నందుకు ఒకటి, అది నిజంగా వచ్చిన గంటలో ఆ మార్పును చూపనందుకు ఇంకొకటి. అసలు సముద్రపు గాలినే చూపని ముతక మోడల్‌కు ఒకటే శిక్ష. లెక్క ప్రకారం ముతకదే మెరుగని తేలుతుంది. ఎండాకాలంలో వడదెబ్బకు జనం చనిపోయే జిల్లాల్లో ఏ మోడల్ పనికొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. సముద్రపు గాలి రాక ఆలస్యమైన రోజే తీరపు ఊళ్లు ఉడికిపోతాయి. ఆ రాకను ఒక గంట తేడాతోనైనా పట్టుకున్న లెక్కకు విలువ ఉంది. సగటు దోషం ఒక్కటే చూసి మోడల్‌ను ఎంచుకోవడం ఈ రంగంలో ఇప్పటికీ మానని దురలవాటు.

సముద్రం వైపు నుంచి కొలత తెచ్చే ప్రయత్నాలు 1990ల నుంచి ఊపందుకున్నాయి. ఆ దశాబ్దంలోనే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ చేతుల మీదుగా, నీటి మీద తేలే బాయ్‌ల కార్యక్రమం మొదలైంది. లంగరేసిన బాయ్ మీద పరికరం నీటికి మూడు మీటర్ల ఎత్తునే ఉంటుంది. మోడల్ ఇచ్చేది పది మీటర్ల గాలి. మధ్యలో ఏడు మీటర్లకు సూత్రం వేసి అంకెను పది పన్నెండు శాతం పెంచాలి. అంటే పోలికకు వచ్చేసరికి కొలతలో కూడా ఒక చిన్న మోడల్ చేరిపోయింది. ఉపగ్రహాల్లోని స్కాటరోమీటర్లది ఇంకా పెద్ద కథ. శ్రీహరికోట నుంచి 2009లో ఎగిరిన ఓషన్‌శాట్-2, 2016లో ఎగిరిన స్కాట్‌శాట్-1, 2022లో ఎగిరిన ఓషన్‌శాట్-3 నీటి మీది సన్నని అలల నుంచి వెనక్కి వచ్చే రాడార్ తరంగాన్ని బట్టి గాలిని చెప్పేందుకు పంపినవే. తరంగాన్ని గాలిగా మార్చే సూత్రాన్ని బాయ్‌లతో, వాతావరణ మోడల్స్‌తో పోల్చి సరిదిద్దుతారు. పైగా రాడార్ చూసే మచ్చలో కొంచెం నేల పడితే చాలు, ఆ అంకె పనికిరాదు. ఒడ్డుకు దగ్గరి కొన్ని పదుల కిలోమీటర్ల పట్టీని అందుకే వదిలేస్తారు. పడవ వేటగాళ్లు ఎక్కువగా తిరిగేది ఆ పట్టీలోనే.

ఉపగ్రహపు గాలిని మోడల్ ప్రారంభ స్థితిలో కలుపుతారు. తర్వాత అదే ఉపగ్రహపు అంకెలతో ఆ మోడల్‌ను పరీక్షిస్తే అది పరీక్ష కాదు, తాను రాసిన జవాబును తానే దిద్దుకోవడం. మంచి అధ్యయనాలు ఈ రెంటినీ వేరు చేస్తాయి, అన్నీ చేయవు.

గాలి విద్యుత్తు ఈ పాత పేచీకి డబ్బు విలువ కట్టింది. గాలిలోని శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగంలో పది శాతం తప్పు శక్తిలో ముప్పై మూడు శాతం తప్పవుతుంది. డెన్మార్క్ 1991లో విండెబి దగ్గర సముద్రంలో తొలి గాలి క్షేత్రాన్ని కట్టింది. అక్కడి రీసో ప్రయోగశాల అప్పటికే యూరప్ గాలి అట్లాస్‌ను తయారుచేసింది. చెన్నైలోని గాలి శక్తి కేంద్రం అదే రీసోతో కలిసి 2010లో భారత గాలి అట్లాస్‌ను ప్రచురించింది. మోడల్ లెక్కను నేల మీది స్తంభాల కొలతలతో సరిచూసిన పని అది. సముద్రం మీద అలాంటి స్తంభాలు లేవు. 2017లో గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో, ఒడ్డుకు 23 కిలోమీటర్ల దూరాన నిలిపిన వేదిక మీద లేజర్ కాంతితో గాలిని కొలిచే లైడార్ పెట్టారు. స్తంభం అవసరం లేకుండానే అది పైగాలిని వంద మీటర్లకు మించి చదువుతుంది. గాలిలోని ధూళి కణాలు వెనక్కి పంపిన కాంతిని బట్టి కొలుస్తుంది కాబట్టి, ఆకాశం మరీ తేటగా ఉన్నా, భారీ వాన కురిసినా దానికి కష్టమే.

2025 మేలో పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ వాడుకలోకి వచ్చింది. దాని గడి ఆరు కిలోమీటర్లు. 150 కిలోమీటర్లతో మొదలైన లెక్క నాలుగు దశాబ్దాల లోపే ఇక్కడికి వచ్చింది. ఆ కొలత ప్రకారం చూసినా వాల్తేరు ఒడ్డు, దాని వెనకున్న విమానాశ్రయం పక్కపక్క గళ్లలోనే పడతాయి, మధ్యనున్న కొండలు వాటి అసలు ఎత్తుతో లెక్కలోకి రావు.